చంపుకున్నాను అన్న మాట

నల్లకోటు విప్పేసి చాలాకాలమైంది. అయినా కొత్తగా మేజిస్ట్రేటులుగా చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ ఇచ్చి ఏం కావాలని అడిగితే, తీర్పు ఎలా రాయాలో చెప్పమంటారు. తీర్పు రాయడం ఎవరైనా నేర్పుతారు, వినడమే ఎవరూ నేర్పరు. ఉద్యోగమంతా కలిపి చూసుకుంటే నేను చేసిన పని పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినడమే. అంత విన్నాక కూడా సరిగ్గా విన్నానా లేదా అన్న దిగులు మాత్రం నన్ను వదల్లేదు.

నా బదిలీలు, ప్రమోషన్లు ఇక్కడ రాయను. అవి పెన్షన్ ఫైల్లో ఉన్నాయి, అక్కడే ఉండనిద్దాం. పిచ్చి గురించి, ఒప్పుకోలు గురించి, ఆ రెంటి గురించీ బోనెక్కి చెప్పే డాక్టర్ల గురించి రాస్తాను. కొత్తగా చేరే మీలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒకరోజు ఈ మూడూ కలిసి ఒకే కేసులో వస్తాయి. ఆ రోజు సలహా అడగడానికి మీ పక్కన ఎవరూ ఉండరు.

బండి టైములు

డెబ్బైల్లో నేను ఎలమంచిలిలో మేజిస్ట్రేటుగా ఉండేవాణ్ణి. అప్పటి మా జిల్లా జడ్జిగారికి చట్టమంతా నాలుక చివర ఉండేది. పిచ్చివాళ్ళ విషయంలో మాత్రం ఆయనకో సొంత పరీక్ష ఉండేది. ముద్దాయిని దగ్గరికి పిలిచి రైలుబండ్ల టైములు అడిగేవారు. చెబితే బుద్ధి ఉన్నట్టు, చెప్పలేకపోతే లేనట్టు.

"మతిలేనివాడికి మెయిలు ఎప్పుడొస్తుందో తెలుస్తుందిటయ్యా?" అనేవారు మాతో.

ఒకసారి నేనేదో పనిమీద విశాఖపట్నం వెళ్ళి ఆయన కోర్టులో వెనక బెంచీమీద కూర్చున్నాను. స్టేషన్లో మూటలు మోసుకునేవాడొకడు, ఎవరిదో ఇల్లు తగలబెట్టాడని కేసు. వాడికి మతి లేదని వకీలు వాదన. జడ్జిగారు మామూలుగానే బండ్లు అడిగారు. వాడు అటు మద్రాసు పోయేవీ, ఇటు హౌరా పోయేవీ, మధ్యలో ఆగే పాసింజర్లతో సహా వరసపెట్టి చెప్పాడు. జడ్జిగారు చిరునవ్వు నవ్వి పెన్ను అందుకున్నారు. శిక్ష చదివాక వాణ్ణి తీసుకుపోతుంటే గుమ్మం దగ్గర ఆగాడు.

"బాబూ, ఆ బండ్లన్నీ నాను తలుసుకుంతేనే కదుల్తాయి. నన్ను లోపలెట్టేత్తే ఎవులు నడుపుతారు?"

కోర్టంతా నవ్వింది. జడ్జిగారూ నవ్వారు. తీర్పు మాత్రం మారలేదు. ఆయన చెడ్డమనిషి కాదు. పిచ్చి అంటే బుర్ర మొత్తం ఖాళీ అయిపోవడమని అనుకునేవారు, అంతే. నిజానికి ఆ జబ్బు ఉన్నవాడికి ఊరు తెలుస్తుంది, వారం తెలుస్తుంది, బేరం కూడా తెలుస్తుంది. ఇంటి గదులన్నీ తెరిచే ఉంటాయి, ఒక్క గదికే తాళం పడి ఉంటుంది. మనం తెరిచి ఉన్న గదుల్లో తిరిగి చూసి, ఇల్లు బాగానే ఉందని రాసి వచ్చేస్తాం.

క్యారేజీ

ఎనభైల మొదట్లో నేను విశాఖపట్నంలో అదనపు సెషన్స్ జడ్జిని. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. ఊరి చుట్టూ కొండలు కంకరైపోయి లారీలెక్కి పోయేవి. భూములు పోయినవాళ్ళలో చాలామంది ఆ రాతి క్వారీల్లోనే కూలికి కుదిరారు. పైడమ్మ కుటుంబం అలాంటిదే. మొగుడు ఎప్పుడో పోయాడు. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు సన్యాసి, చిన్నవాడు అప్పలరాజు. చిన్నవాడు క్వారీలో రాళ్ళు కొడితే ఇల్లు గడిచేది. పెద్దవాడికి కొన్నేళ్ళుగా ఒంట్లో బాగుండదు. తనలో తను మాట్లాడుకుంటాడు, కారణం లేకుండా అన్నం మానేస్తాడు. వాడికి అప్పగించిన పని ఒక్కటే, మధ్యాహ్నం తమ్ముడికి క్యారేజీ పట్టుకెళ్ళడం.

ఒకరోజు మధ్యాహ్నం అప్పలరాజు క్వారీ గోతి అడుగున తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. జనం దిగి చూసేసరికి సన్యాసి తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాడు. పక్కన క్యారేజీ ఉంది, అందులో మెతుకు లేదు. "నేనే చంపాను" అన్నాడని మేస్త్రీ పోలీసులకు చెప్పాడు. కొన్నాళ్ళకు మేజిస్ట్రేటు ముందు పెడితే అక్కడా అదే చెప్పాడు. అన్నం దగ్గర తగువొచ్చి తమ్ముణ్ణి గోతిలోకి తోసేశాడని పోలీసులు కథ కట్టారు. తోస్తుండగా చూసినవాళ్ళు లేరు. పోస్టుమార్టం చేసిన డాక్టరు, తోసినా ఆ దెబ్బలే తగులుతాయి, కాలు జారినా ఆ దెబ్బలే తగులుతాయి అన్నాడు. ఆ గోతి అంచున కట్టాల్సిన కంచె కట్టలేదన్న మాట మీద ఎవరికీ ఆసక్తి లేకపోయింది. హంతకుడు దొరికాక కంచె ఊసెవరికి కావాలి?

కేసు నా దగ్గరకొచ్చేసరికి ఉన్న సాక్ష్యమల్లా ఆ ఒప్పుకోలు. అది నిలబడితే సన్యాసికి యావజ్జీవమో ఉరో.

ఇద్దరు డాక్టర్లు

మొదట జైలు డాక్టరు వచ్చాడు. పెద్దమనిషి, తెల్లటి ఇస్త్రీ బట్టలు.

"పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, ఆ రోజు ఏ వారమో చెప్పాడు, ప్రధానమంత్రి ఎవరో కూడా చెప్పాడండి. నిద్ర పోతున్నాడు, భోజనం చేస్తున్నాడు. మతి స్థిమితంగానే ఉంది," అన్నాడు.

నాకు బండి టైములు గుర్తొచ్చాయి.

రెండో సాక్షి పిచ్చాసుపత్రి డాక్టరమ్మ. కోర్టు ఉత్తర్వు మీద సన్యాసిని కొంతకాలం తన వార్డులో ఉంచుకుని చూసింది. వయసులో చిన్నది, గొంతు కూడా చిన్నదే. గట్టిగా చెప్పమని రెండుసార్లు అడగాల్సి వచ్చింది. ఇతనికి లేని గొంతులు వినిపిస్తాయనీ, దీర్ఘకాలంగా జబ్బు ఉందనీ చెప్పింది. పబ్లిక్ ప్రాసిక్యూటరు లేచాడు. మాటకారి, నాకు మంచి స్నేహితుడు కూడా.

"జైల్లో పూటపూటా శుభ్రంగా తిన్నాడు కదమ్మా. అన్నం మానేసే పిచ్చి అక్కడికి రాలేదా?"

"తిన్నాడండి. మా దగ్గరా తిన్నాడు. అది సర్కారు కూడు, ఎవరి వాటా కాదు అంటాడు. ఇంటి అన్నమంటేనే భయం. ఇంట్లో తను తిన్న ప్రతి ముద్దా ఇంట్లోవాళ్ళ ఆయుష్షులోంచి తీసుకున్నట్టని వాడి నమ్మకం."

"భలే నమ్మకం. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో అదికూడా చెప్పండి."

డాక్టరమ్మ తన కాగితం చూసి చెప్పింది. "ఇతనికి రెండేళ్ళు నిండకముందే, తమ్ముడు కడుపులో ఉండగా తండ్రి పోయాడు. పెద్దవాడి నక్షత్రం మంచిది కాదని, తండ్రిని తినేసినవాడని ఇంట్లో అనేవారట."

కోర్టులో ఉన్నవాళ్ళ తలలన్నీ గోడవార నిలబడ్డ పైడమ్మ వైపు తిరిగాయి. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆవిణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. మన తెలుగిళ్ళలో ఆ మాట అనని ఇల్లేది? పుట్టగానే తల్లిని మింగిందంటాం, కాపరానికొచ్చి మొగుణ్ణి తినేసిందంటాం. అనేసి వెళ్ళి వంట చేసుకుంటాం. విన్నవాళ్ళూ చాలామంది దులిపేసుకుని పోతారు. సన్యాసికి ఆ మాట మాటలాగే అర్థమైంది. తినడమంటే తినడమే అనుకున్నాడు.

"ఆ రోజు తమ్ముడి క్యారేజీ దారిలో తనే తినేశాడు," అంది డాక్టరమ్మ. "ఆకలేసిందట. వెళ్ళి చూస్తే తమ్ముడు గోతిలో ఉన్నాడు. అందుకని తనే చంపానంటాడు."

"అయితే ఈయనగారికి జైలే మంచిదన్నమాట," అన్నాడు ప్రాసిక్యూటరు. జనం నవ్వారు.

"అన్నం వరకూ అంతేనండి," అంది ఆమె. ఆమె మొహంలో నవ్వు లేదు.

ఇక్కడ ఒక్కమాట. డాక్టరు సాక్షే గానీ తీర్పరి కాడు, నిజమే. కానీ మనం అడిగినదానికే జవాబు చెబుతాడు. జైలు డాక్టర్ని ఎవరూ 'ఏం తిన్నాడు, ఏమని తిన్నాడు' అని అడగలేదు. కాబట్టి ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. డాక్టరు పక్షపాతి అని రాసే ముందు మనం ఏం అడిగామో చూసుకోండి. పెద్ద డిగ్రీ ఉన్నవాడి మాటా, ఎక్కువ సేపు మాట్లాడినవాడి మాటా వింటాం. ముద్దాయి పక్కన ఎవరు ఎక్కువ సేపు కూర్చున్నారో అది చూడాలి.

ఇద్దరికీ సరిపోయిన సంగతి

వాదనలు మొదలయ్యాయి. ప్రాసిక్యూటరు వాదన, వీడికి మతి ఉంది, చంపాడు, శిక్షించండి అని. సర్కారు పెట్టిన డిఫెన్సు వకీలు వాదన, వీడికి మతి లేదు, చంపాడు గానీ తెలియక చంపాడు, క్షమించండి అని. ఆ దారిన వదిలితే మనిషిని ఇంటికి పంపరు. హత్య చేసినట్టు రాసి, శిక్ష లేకుండా, సర్కారు కాపలాలో ఆసుపత్రిలో ఉంచుతారు. ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేరు. వకీలుకి అది గెలుపు కిందే లెక్క.

ఇద్దరూ పిచ్చి ఉందా లేదా అని గొంతు చించుకున్నారు. చంపాడా లేదా అన్నది ఇద్దరికీ ఒప్పుదలే. నేనూ కాసేపు ఆ ఒరవడిలో పడి డాక్టర్ల పుస్తకాలే తిరగేస్తూ కూర్చున్నాను. తర్వాత అనుమానమొచ్చింది. ఈ మనిషికి జబ్బు ఉందని నమ్మితే, వాడి ఒప్పుకోలు కూడా ఆ జబ్బులోంచి వచ్చిందే గదా. ఒకే జబ్బు శిక్ష తప్పించడానికి పనికొచ్చి, నేరం రుజువు చేయడానికీ పనికొస్తుందా?

అనుమానానికి ఇంకో కారణం ఉంది. మా నాన్న మిషను స్కూల్లో టీచరు, మా చర్చిలో పెద్ద. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం ఆరాధనలో జనం మోకాళ్ళమీద పడి, 'నేనే నిన్ను సిలువ వేశాను ప్రభువా, నా చేతులే మేకులు కొట్టాయి' అని గొల్లున ఏడ్చేవారు. చీమకి హాని చెయ్యని మా పెద్దమ్మ అందరికన్నా గట్టిగా ఒప్పుకునేది. ఏటేటా మా వీధి వీధంతా హత్యానేరం ఒప్పుకుంటుంటే పోలీసులు ఎప్పుడూ రాలేదు. అది ఏ రకం ఒప్పుకోలో అందరికీ తెలుసు. మళ్ళీ మా చెల్లి టైఫాయిడ్‌తో పోయినప్పుడు మా అమ్మ, ముందే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళలేదని, 'చేతులారా చంపుకున్నాను తల్లీ' అని నేలమీద పడి దొర్లింది. ఆ మాట ఈ కోర్టులో ఉన్న ప్రతివాడూ తన ఇంట్లో విన్నదే. కోటు వేసుకున్నాక ఇంటి తెలుగు మనకి వినపడదు.

అందుకని గోతిలోకి మొదట దిగిన రాములమ్మని మళ్ళీ పిలిపించాను. క్వారీలో రాళ్ళు కొట్టే మనిషి. సన్యాసి అన్న మాట అన్నది అన్నట్టు చెప్పమన్నాను.

"ఏటి సెప్పమంతారు బాబూ. తమ్ముడి తల ఒళ్ళో ఎట్టుకోని, నానే సంపుకున్నాను తమ్ముడా, నా సేతులారా సంపుకున్నాను, నీ కూడు నానే తినీసినాను అని ఏడిసినాడు."

"చంపేశాను అన్నాడా?"

"నేదు బాబూ. సంపీసినాను అన్నేదు. సంపుకున్నాను అన్నాడు. సచ్చినోడి మీద పడి ఏడిసినప్పుడు ఎవులైనా అనీదే గదా."

తర్వాత ఒప్పుకోలు రాసుకున్న మేజిస్ట్రేటుని పిలిచాను. కుర్రవాడు, వేరే జిల్లావాడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడు. చట్టం చెప్పమన్న హెచ్చరికలన్నీ చెప్పాడు, ఆలోచించుకోవడానికి గడువూ ఇచ్చాడు. అతని కాగితంలో 'నా తమ్ముడిని నేనే చంపితిని' అని ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది.

"చంపితిని అన్నాడా, చంపుకున్నాను అన్నాడా?" అని అడిగాను.

అతను తన కాగితం మళ్ళీ చదువుకున్నాడు. "వాళ్ళ యాస నాకంత బాగా పట్టుబడలేదండి. చంపుకున్నాను అనే అన్నట్టున్నాడు. అర్థం ఒకటే కదండీ?"

ఒకటి కాదు. పోగొట్టుకున్నవాడు ఒక మాట అంటాడు, చేసినవాడు ఇంకో మాట అంటాడు. మీరు ఎవరి ఒప్పుకోలు రాసుకున్నా, మీ తెలుగు పక్కనపెట్టి వాళ్ళ తెలుగే రాయండి. యాస దిద్దడానికి మనం బడిపంతుళ్ళం కాము. సన్యాసి తినడమన్న మాటని అక్షరాలా నమ్మి జబ్బులో పడ్డాడు. మేము చంపుకోవడమన్న మాటని అక్షరాలా నమ్మి వాణ్ణి బోనెక్కించాము. ఆ మధ్యాహ్నం మాకూ వాడికీ తేడా నాకు కనిపించలేదు.

తీర్పు

హత్య జరిగినట్టే రుజువు కాలేదని రాశాను. కాబట్టి పిచ్చి ఉందా లేదా అన్న ప్రశ్నే పుట్టదు. విడుదల, అంతే. ఆసుపత్రి కాపలా కూడా లేదు. నేరం చెయ్యనివాణ్ణి కాపలాలో పెట్టే అధికారం నాకు లేదు.

డిఫెన్సు వకీలు లేచి నిలబడి, "అయ్యా, నేను అడిగింది ఇది కాదండి," అన్నాడు పాపం.

డాక్టరమ్మ ఆ రోజు కోర్టుకి వచ్చింది. వాణ్ణి మళ్ళీ ఆసుపత్రిలో చేర్చమని పైడమ్మకి నచ్చజెప్పింది. నేనూ బెంచి మీంచే చెప్పాను, ఫలానా కోర్టులో అర్జీ పెట్టుకుంటే ఆసుపత్రిలో ఉంచుకుంటారని. పైడమ్మ రెండు చేతులూ జోడించింది.

"ఒకడు పోనాడు బాబూ. ఈడినైనా ఇంటికి పట్టుకెల్నీయండి. జైలు కూడు తిని ఎలగైపోనాడో సూడండి. నా సేతి ముద్ద తింతే బాగయిపోతాడు."

కన్నతల్లి ఆ మాట అంటుంటే కాదనడానికి ఏ సెక్షనూ లేదు. పోలీసు సన్యాసి చేతి సంకెల తీశాడు. వాడు కదల్లేదు.

"నన్నొగ్గీకండి బాబూ," అన్నాడు. "ఇంటికాడ సర్కారు కూడుంతాదా?"

మళ్ళీ జనం నవ్వారు. పైడమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, వాడి చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది.

ఇప్పుడు రాయమన్నా అదే తీర్పు రాస్తాను. చెయ్యని హత్య ఒక మనిషి నెత్తిన రాసి, పైగా దానికి దయ అని పేరు పెట్టడం నాకు చేతకాదు. తీర్పు సరైనదైతే తర్వాత జరిగేది కూడా మంచే అవుతుందని మాత్రం అనుకోకండి. మన పని కోర్టు గుమ్మం దగ్గర ఆగిపోతుంది. అవతల ఏమవుతుందో చాలావరకు మనకి తెలియదు, తెలియకపోవడం వల్లే ఈ ఉద్యోగం చెయ్యగలుగుతాం. ఈ కేసులో నాకు తెలిసింది.

వానాకాలం వెళ్ళాక ఒకరోజు పైడమ్మ కోర్టుకి వచ్చింది. కేసు ముగిశాక స్వాధీనం చేసుకున్న వస్తువులు తిరిగిచ్చేస్తారు. ఆవిడ క్యారేజీ కోసం వచ్చింది. నేను భోజనానికి లేచి వరండాలోకి వస్తే స్తంభం దగ్గర కూర్చుని ఉంది. సన్యాసి ఎలా ఉన్నాడని అడిగాను.

"సచ్చిపోనాడు బాబూ."

ఆవిడ నేలవైపు చూస్తూ చెప్పింది.

"ఆడిని ఆసుపత్రికి తెమ్మని డాక్టరమ్మ మనిసిని పంపింది. రేపు తెత్తానన్నాను. రేపైనా తింతాడు గదా అనుకున్నాను. సేపల పులుసెట్టినాను, ఆడికిష్టం. నా సేత్తో ముద్ద కలిపి నోటికాడ ఎట్టినాను. అయ్య పోనాడు, తమ్ముడు పోనాడు, నువ్వైనా బతకాలమ్మా అని మొకం తిప్పీసుకున్నాడు. ఆకరికి మంచినీలు కూడా ముట్టలేదు."

వరండాలో వకీళ్ళు, బంట్రోతులు, కక్షిదారులు అటూ ఇటూ పోతున్నారు. ఆవిడ తల స్తంభానికేసి కొట్టుకుంది.

"నానే సంపుకున్నాను బాబూ. నా సేతులారా నా కొడుకుని నానే సంపుకున్నాను."

లోపలినుంచి గుమాస్తా క్యారేజీ తెచ్చి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ అన్న మాట ఎవరూ రాసుకోలేదు.